మా చిత్రలేఖన తరగతి: ఒక యేటి యనుభవములు

ఆత్రేయపుర మన్నంతనే సోదరీమణుల కెల్లరకు పూతరేకులు జ్ఞప్తికి వచ్చును. అది సహజమే. 2023వ సంవత్సరమున ఈ యూరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాని మేమిప్పుడు వ్రాయబూనినది మిఠాయిని గూర్చి కాదు. ఈ యూరనే వదినామరదండ్రమగు మేమిద్దరము మా యింటి వీధియరుగుమీద ఒక సంవత్సరకాలము నడపిన చిత్రలేఖన తరగతిని గూర్చి. అందు మావలన జరిగిన యొక తప్పు కలదు. దానిని దాచి, మేలు మాత్రమే చెప్పినచో ఈ వ్యాసమువలన ప్రయోజనము లేదు. కనుక ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాము.

గడచిన యేడు విజయదశమినాడు, పసిపిల్లలచేత పలకపై ఓంకారము దిద్దించినట్లే, వచ్చినవారందరిచేతను కాగితముపై ఒక నిలువుగీతయు, ఒక అడ్డగీతయు, ఒక సున్నయు వ్రాయించి తరగతి ప్రారంభించితిమి. ఆనాడు వచ్చినవారు 17 మంది. వారిలో 11 మంది బడికి పోవు బాలికలు, ఆరుగురు గృహిణులు. గృహిణులలో ఒకామెకు అరువదియేండ్లు దాటినవి. శని, ఆదివారములందు మధ్యాహ్నము 3 గంటలు మొదలు ప్రొద్దు వాలువరకు తరగతి. జీతమేమియు లేదు. కాగితము, పెన్సిలు ఎవరివి వారు తెచ్చుకొనవలెను. కొనలేనివారు పాత క్యాలెండరుల వెనుకప్రక్క వాడుకొనవచ్చును. మాలో పెద్దామె బడిలో డ్రాయింగు నేర్పి విశ్రాంతి గొన్నది. చిన్నామె ఇంటిపనుల నడుమ ఆమెయొద్దనే నేర్చినది.

మొదటివారముననే తల్లులు మమ్మడిగిన ప్రశ్న ఇది: “దీనివల్ల ఉద్యోగం వస్తుందాండి?” అడుగుటలో తప్పులేదు. డ్రాయింగునందు ప్రభుత్వమువారు జరుపు లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు కలవనియు, అవి నెగ్గి బడులలో డ్రాయింగు మాస్టర్లయినవారు కలరనియు, కాని ఆ దారి నేడంత విశాలమైనది కాదనియు నిజమే చెప్పితిమి. “మరెందుకండీ?” అని ఒకామె. అక్షరములు నేర్చినవారందరు కవులు కాబోరు. అయినను ఉత్తరము వ్రాసుకొనుటకైన అక్షరము కావలెను గదా! కన్నులకు కనబడినదానిని చేతితో చెప్పగలుగుట కూడ అట్టి యక్షరమే యని మేము బదులు చెప్పితిమి. ఆమె తృప్తిపడెనో లేదో కాని కూతును మాత్రము మాన్పింపలేదు.

మాకు మొట్టమొదట పాఠము చెప్పినది ఆ యరువదియేండ్ల యామెయే. ఆమె ధనుర్మాసమున వేకువనే వాకిట వేయు ముగ్గు చూచి తీరవలసినది. ఇరువదియొక్క చుక్కల ముగ్గయినను ఒక్క చుక్కవద్ద తడబడదు; గీత సన్నము, లావు కాదు; మొదలుపెట్టిన చోటికే వచ్చి చేరును. అట్టి చేయి పెన్సిలు పట్టుకొనగనే గడగడ వణకసాగెను. “నాకు రాదమ్మా, పిల్లల్లో నన్ను నవ్వులపాలు చెయ్యకండి” అని కాగితము మడిచివేసినది. మాకును కారణము వెంటనే తోచలేదు. తరువాత ఒకనాటి వేకువను ఆమె ముగ్గు వేయుచుండగా చూచినప్పుడు తెలిసినది. ముగ్గు వేయునప్పుడు వంగిన నడుము, భుజము, మోచేయి అన్నియు కలిసి కదలును. వ్రేళ్లు పిండిని జార్చుట మాత్రమే చేయును. పెన్సిలు పట్టినప్పుడు మణికట్టు కాగితమున కంటుకొని, వ్రేళ్లు మాత్రమే నడువవలసి వచ్చును. ఆ మరునాడు కాగితమును గోడకు అంటించి, పెన్సిలును కొనవద్ద గాక వెనుకగా పట్టించి, నిలువబెట్టి గీయించితిమి. వణకు పోయినది! అప్పటినుండి చిన్నవారికి పెద్దవారికి అందరికిని మొదటి పాఠములు గోడమీదనే. ముగ్గు వేయనేర్చిన మన స్త్రీలకు గీత క్రొత్తది కాదు.

ఆ మూడునెలలు మేము నేర్పిన మరికొన్ని సంగతులు, ఇంటివద్ద పిల్లలకు నేర్పదలచిన తల్లులకు పనికివచ్చునని, ఇచట చెప్పుచున్నాము. పెన్సిలును యంత్రములో త్రిప్పక చాకుతో పొడవుగా చెక్కవలెను. అప్పుడు కొనతో సన్నగీతయు, ప్రక్కతో నీడయు రెండును వచ్చును. గీతకు హెచ్.బి. పెన్సిలు, నీడకు 2బి చాలును. మొదట రబ్బరు ఇయ్యరాదు. తప్పుగీత ఉండగానే దాని ప్రక్కన సరియైన గీత గీయించినచో, తాను ఎంత తప్పినదియు పిల్లకే కనబడును. చెంబును గీయుమన్నచో చెంబును మాత్రమే చూడక, చెంబునకును దాని ప్రక్కనున్న గిన్నెకును నడుమ ఖాళీ ఏ యాకారమున నున్నదో చూడుమని చెప్పవలెను. చెంబు ఎట్లుండునో మన కందరకు తెలియుననుకొందుము. ఆ తెలివియే మనల చూడనీయదు. ఖాళీ ఎట్లుండునో తెలియదు గనుక దానిని నిజముగా చూతుము.

దూరము పోవుకొలది వస్తువులు చిన్నవగు న్యాయమును చెప్పుటకు మా యూరికంటె మంచి బడి లేదు. 1852లో కాటనుదొర ధవళేశ్వరమువద్ద ఆనకట్ట ముగించిన పిమ్మట బొబ్బర్లంకనుండి బయలుదేరిన కాలువ ఈ ప్రాంతమును తడుపుచు పోయి లొల్ల లాకులవద్ద పాయలుగా చీలును. ఆ లాకులు చలనచిత్రములలో పలుమారులు కనబడినవే. ఒక ఆదివారము పిల్లలను కాలువగట్టునకు తీసికొనిపోయి, ఇరుప్రక్కల కొబ్బరిచెట్ల వరుసలను చూపి, చేయి చాచి పెన్సిలును నిలువుగా పట్టి, దగ్గరి చెట్టు ఎంత, నూరడుగుల దూరపు చెట్టు ఎంత యని కొలిపించితిమి. దగ్గరిచెట్టులో దూరపుచెట్టు నాలుగవవంతైనను లేదు. “మరి రెండూ ఒకటే ఎత్తు కదండీ?” అని ఒక పిల్ల తెల్లబోయెను. ఒకటే యెత్తని మనసు చెప్పును. కాదని కన్ను చెప్పును. బొమ్మ వేయునప్పుడు కన్నుమాట వినవలెనని మేము గంభీరముగా బోధించితిమి. ఆ బోధను మేమే మరచినామని నెల తిరుగకుండగనే తెలిసినది.

మా తరగతిలో పదమూడేండ్ల బాలిక యొకతె యుండెను. ఆమె తల్లి పూతరేకులు తీసి జీవించును. పిల్లయు బడి విడిచినపిమ్మట తల్లికి సాయపడును. అట్టి పిల్ల వారమునకు రెండు మధ్యాహ్నములు మాయొద్ద గడపుట యన్న ఆ యింట అన్ని రేకులు తగ్గుట. తల్లి ఆ నష్టమును గూర్చి ఎన్నడు మాటాడలేదు. పిల్ల మితభాషిణి. పెన్సిలు మిక్కిలి గట్టిగా నొక్కి గీయును. “చెయ్యి తేలికచెయ్యి తల్లీ, కాగితం చిరుగుతుంది” అని ఆమెతో ఎన్నిసార్లంటిమో లెక్కలేదు.

సంక్రాంతికి మా సావడిలో చిన్న ప్రదర్శనము పెట్టదలచితిమి. తలకొక బొమ్మ. దండెములు కట్టి బట్టల క్లిప్పులతో బొమ్మలు వ్రేలాడగట్టితిమి. ఈ పిల్ల తల్లి రేకులు తీయుచున్న బొమ్మ తెచ్చినది. భోగి ముందునాటి రాత్రి బొమ్మలు సర్దుచు దానిని చూచితిమి. కుడిభుజము చెవిదాక లేచియున్నది. చేయి మొగముకంటె పెద్దదిగా నున్నది. ఆ మొగమైనను మనవైపు లేదు. చెవియు, జుట్టుముడియు మాత్రమే కనబడుచున్నవి. ‘రేపు వచ్చినవారు నవ్వుదురు, పాపము, పిల్ల చిన్నబుచ్చుకొనును’ అని ఒకరితో నొకరము చెప్పుకొంటిమి. అసలు మాట అది కాదు. వారు నవ్వినచో మా నేర్పును చూచి నవ్వుదురని మా భయము. రబ్బరు తీసికొని భుజములు రెండును సమము చేసితిమి. చేయి తగ్గించితిమి. మొగమును ముందునకు త్రిప్పి, పెద్దకన్నులు, బొట్టు, చిరునవ్వు పెట్టితిమి. అరగంట పట్టినది. బొమ్మ క్యాలెండరుమీది లక్ష్మీదేవివలె నయ్యెను. మాకు మిక్కిలి బాగుగా నున్నట్లు తోచెను.

మరునాడు వచ్చినవారందరు ఆ బొమ్మనే మెచ్చిరి. మేము దానికే మొదటి బహుమతి నిర్ణయించి, పండ్రెండు రంగుల పెట్టె నొకదానిని పిల్ల చేతిలో పెట్టితిమి. తల్లి పని మానుకొని, ఉతికిన చీర కట్టుకొని వచ్చి, ఆ బొమ్మయెదుట చాలసేపు నిలిచెను. పిల్ల ఒకసారి బొమ్మవంకను, ఒకసారి మావంకను చూచి, “ఇది నేను వేసింది కాదండి” అని అందరు వినునట్లుగనే చెప్పి, రంగుల పెట్టెను బల్లమీద పెట్టి వెడలిపోయెను. తల్లి మాకు నమస్కరించి, తల వంచుకొని, వెనుకనే పోయినది. అప్పుడైనను మాకు బుద్ధి రాలేదు. “ఎంత పొగరు!” అని అనుకొంటిమి. సిగ్గుతో వ్రాయుచున్నాము, ఆ మాట పైకి కూడ అంటిమి.

పిల్ల తరువాతి వారము రాలేదు. ఆపై వారమును రాలేదు. మూడవ వారము ప్రదర్శనమునాటి కాగితములను కట్టగట్టుచు, దీపముక్రింద ఆ బొమ్మను ఏటవాలుగా పట్టుకొన్నప్పుడు ఒక వింత కనబడినది. పిల్ల గట్టిగా నొక్కి గీయునని చెప్పితిమి గదా! మేము చెరిపిన గీతల నలుపు పోయినది గాని, కాగితముపై ఆ గాడి పోలేదు. ప్రక్కవెలుతురులో మా లక్ష్మీదేవి క్రింద ఆమె వేసిన లేచిన భుజము, పెద్దచేయి, జుట్టుముడి అన్నియు అట్లే నిలిచియున్నవి. మేమిద్దరము చాలసేపు మాటాడలేదు. మరునాడు వారి యింటికి పోయితిమి.

పోవుటకు ముందు తటపటాయింపక పోలేదు. పెద్దవారము, చదువు చెప్పువారము, పదమూడేండ్ల పిల్లకు క్షమాపణ చెప్పుకొనుట మన యిండ్లలో వాడుక కాదు. పోయి ‘బడికి రామ్మా’ అని పిలిచి ఊరకుందమా అనికూడ ఆలోచించితిమి.

వారు వెనుకవైపు తాటాకుపాకలో పనిలో నుండిరి. పూతరేకులు తినని తెలుగువారుండరు గాని, తీయుట చూచినవారు తక్కువ. ఒక పెద్దకుండను బోర్లించినట్లుగా పెట్టి, ప్రక్కనున్న నోటిగుండ లోపల కొబ్బరియాకు మంట పెట్టుదురు. మంట సమముగా నుండవలెను. హెచ్చినచో రేకు మాడును, తగ్గినచో అంటుకొనును. నానబెట్టిన బియ్యమును మెత్తగా రుబ్బి, పాలకంటె పలుచగా కలుపుదురు. ఇందుకు జయ రకపు బియ్యము వాడుక. పలుచని గుడ్డను ఆ పిండినీటిలో ముంచి, రెండు కొసలు పట్టి, కుండవీపుమీద పరచినట్లుగా ఒక్క లాగుతో తీయుదురు. గుడ్డ దాటునప్పటికే పొర కట్టును. రెప్పపాటులో రేకు అంచులు లేచును. దానిని చేతితో తీసి ప్రక్కన పెట్టి మరల గుడ్డ ముంచవలెను.

తల్లి మావైపు వీపుపెట్టి కూర్చుండియుండెను. ఆమె గుడ్డ లాగినప్పుడెల్ల కుడిభుజము చెవిదాక లేచెను. కుండమీదికి చాచిన చేయి మాకు దగ్గరగా నుండుటచే నిజముగనే మొగముకంటె పెద్దదిగా కనబడెను. పొగకు మొగము ప్రక్కకు త్రిప్పుకొనుటచే చెవియు, జుట్టుముడియు మాత్రమే కనబడుచుండెను. పిల్ల వేసినది అక్షరాల నిజము. కాలువగట్టున మేము బోధించిన పాఠమును ఆమె నేర్చుకొన్నది, మేమే నేర్చుకొనలేదు. అది కన్నుమాట వినెను. మేము క్యాలెండరుమాట వింటిమి.

మమ్ము చూచి తల్లి లేచెను. ఆమె చోట పిల్ల కూర్చుండి గుడ్డ పట్టినది. ఆ పిల్లకింకను పని పూర్తిగా రాలేదు. మేము చూచుచుండగనే రెండు రేకులు చినిగినవి. తల్లి ఆ గుడ్డ నందుకొనలేదు. “మంట చూడు” అని మాత్రమనెను. పిల్ల మంట తగ్గించినది. మూడవ రేకు అంచున మాత్రమే చినిగెను. చినిగినవానిని తల్లి పారవేయక వేరొక పళ్లెములో పెట్టుచుండెను. “వీటినేం చేస్తారమ్మా?” అని అడిగితిమి. “లోపలి మడతలోకి పనికొస్తాయండి. నేర్చుకునేటప్పుడు చినిగినవి పారేస్తే ఇల్లు గడుస్తుందాండీ!” అని ఆమె నవ్వెను.

అప్పుడు తల్లియెదుటనే పిల్లతో, “నీ బొమ్మను మేము చెరిపినాము. నీది సరియైన బొమ్మ. మాదే తప్పు” అని చెప్పితిమి. పిల్ల తలయెత్తలేదు. తల్లి గాభరాపడి, “అయ్యో, అంతమాటెందుకండి, మీరు పెద్దోరు” అనెను. పిల్ల గుడ్డను మా చిన్నామె చేతికిచ్చి, “మీరు ఒకటి తియ్యండి” అన్నది. తీయబోయి వ్రేళ్లు కాల్చుకొన్నది, రేకు ముద్దయైనది, రెండవదియు అంతే. పిల్ల ఫక్కున నవ్వి, వెంటనే నవ్వు మాని, “మీ చేతిలోంచి నేను గుడ్డ లాక్కోలేదుగదండీ” అనెను. ఆ మాటకు మాయొద్ద జవాబు లేదు. ఇంతకంటె బోధనాశాస్త్రములో పెద్దమాట ఉన్నదని కూడ మాకు తోచలేదు.

శివరాత్రి వెళ్లిన యాదివారమున పిల్ల మరల వచ్చినది. శనివారములు రానని చెప్పినది. రంగుల పెట్టె సంగతి తాను ఎత్తలేదు, మేమును ఎత్తలేదు.

ఆనాటినుండి మాయొద్ద ఒక నియమము. నేర్పువారి పెన్సిలు నేర్చువారి కాగితమును తాకరాదు. చూపవలసినదేమైన నున్నచో మా కాగితముమీద మేము గీసి చూపుదుము. ‘ఇది తప్పు’ అనుటకు బదులు ‘మరల చూడుము; ఏమి కనబడుచున్నది?’ అని యడుగుదుము. ఈ నియమము అందరికి నచ్చినదని చెప్పలేము. గృహిణులలో ముగ్గురు, “మీరు దిద్దకపోతే మేం రావడమెందుకండీ? ఇంటికి తీసుకెళ్లి చూపించుకునేలా ఉండాలి కదా” అని మానుకొనిరి. వారి మాటలోను న్యాయమున్నది. దిద్దిన బొమ్మ త్వరగా అందముగా నుండును. దిద్దని బొమ్మ అందముగా నుండుటకు కాలము పట్టును. బాలికలలో నలుగురు పరీక్షల ట్యూషనులకు పోయిరి. ఒకతె కుటుంబము వేరొక యూరికి తరలెను. మిగిలినవారు 9 మంది.

వేసవిలో కాలువలు కట్టినపిమ్మట, బడులకు సెలవులిచ్చిన దినములలో, రెండు యాత్రలు చేసితిమి. మొదటిది మా మండలములోనిదే యైన ర్యాలికి. అచట జగన్మోహినీకేశవస్వామివారి విగ్రహము ఒకే శిల. ముందువైపు కేశవుడు, వెనుకవైపు మోహిని. అర్చకులు దీపము చూపి వెనుకవైపు కేశపాశమును, అలంకారమును చూపుదురు. పిల్లలు అంతవరకు వేసిన మనుష్యులందరు మనవైపు చూచుచు నిలిచినవారే. వీపు కూడ చూడదగినదని, దానికొరకు శిల్పి అంత శ్రమపడినాడని వారి కానాడు తెలిసినది. ఇంటికి వచ్చి, చూచినదానిని జ్ఞాపకమునుండి గీయుమంటిమి. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి జ్ఞాపకమున్నది. ఒకతెకు జుట్టు, ఒకతెకు పాదములు, ముగ్గుల యామెకు దీపము పట్టిన అర్చకుని చేయి.

రెండవ యాత్ర రాజమహేంద్రవరమునకు, గోదావరిగట్టున నున్న దామెర్ల రామారావుగారి చిత్రశాలకు. ఈ పేరు మన తెలుగుబాలికలకు తెలియవలసినంత తెలియదు. ఆయన 1897లో జన్మించెను. రాజమహేంద్రవరపు ఆర్ట్సు కాలేజీకి 1909 నుండి 1919 వరకు ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డు కూల్డ్రేగారు తాను స్వయముగా చిత్రకారుడు. ఆంగ్లేయుడయ్యు మన దేశపు కళ నాదరించినవాడు. ఆయన ఈ బాలుని చేతిని గుర్తించి ప్రోత్సహించెను. అడివి బాపిరాజుగారును కూల్డ్రేగారి శిష్యులే. రామారావుగారు 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు పోయి చదివి, మరలివచ్చి రాజమహేంద్రవరమున చిత్రకళాశాల నెలకొల్పిరి. 1925 ఫిబ్రవరిలో మశూచికమువలన, ఇరువదియెనిమిదేండ్లు నిండకుండగనే, పరమపదించిరి. ఆ పిమ్మట వరదా వెంకటరత్నముగారు ఆ విద్యాలయమును నిలిపి నడపిరి. రామారావుగారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకళ నభ్యసించినవారే. ఈ సంగతి చెప్పగా మా బాలికల కన్నులు విప్పారినవి. నూరేండ్లకు పూర్వము మన గోదావరిగట్టుననే స్త్రీలు కుంచె పట్టియుండిరన్నమాట!

పిల్లలు పెద్ద చిత్రములకంటె ఆయన గీతల పుస్తకములను గూర్చియే ఎక్కువ ప్రశ్నలడిగిరి. పెద్ద చిత్రమునకు వెనుక ఎన్ని చిన్నగీతలుండునో వారికి బోధపడినది. మన రేకుల పిల్ల ఒక రేఖాచిత్రముయెదుట నిలిచి, “దీన్నెవరూ దిద్దలేదాండి?” అని అడిగెను. ఆ ప్రశ్న మాకే యని ఎరిగి, “లేదమ్మా” అంటిమి. కూల్డ్రేగారు తన శిష్యుని కాగితముపై తన గీత గీసి యుండినచో మనకు దామెర్ల దక్కియుండునా యని బస్సులో ఆనకట్ట దాటుచు మేము మాటాడుకొంటిమి.

శ్రావణమున రంగులు మొదలుపెట్టితిమి. అంతవరకు పిల్లలకు నది యన్న నీలము, పైరన్న డబ్బీలోని ఆకుపచ్చ. ఎగువ వానలకు గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చిన దినమున అందరిని గట్టుమీదికి తీసికొనిపోయితిమి. ముగ్గుల యామె నీటివంక చూచి, “మాఘమాసంలో ఆకాశం పడి నీలంగా ఉంటుంది గాని, ఇప్పుడు నీలమెక్కడుందమ్మా! ఇది కావిరంగు. దాంట్లో కాస్త పసుపు, కాస్త మసి” అని తానే పాఠము చెప్పినది. పైరులోను అంతే. నారుమడికి పసుపు హెచ్చు, నీలము చారెడు. నాట్లు పడి పైరు కుదురుకొన్న పిమ్మట నీలము హెచ్చును. కొబ్బరియాకుకు అందులో ఒక బొట్టు ఎఱుపు చేర్చనిదే ఆ ముదురు రాదు. ఆ నెలలలో గాలిలో తడివలన కాగితము త్వరగా ఆరదు. ఒక రంగు మీద మరియొక రంగు వేసినచో ప్రాకిపోవును. మొదట విసుగుకొంటిమి. తరువాత ఆ ప్రాకుటనే మబ్బులకు వాడుకొంటిమి. చినిగిన రేకును లోపలి మడతకు వాడినట్లే!

ఈ యేటి విజయదశమికి తరగతికి సంవత్సరము నిండినది. ఈసారి బహుమతులు లేవు. 9 మందియు తలకొక బొమ్మ తెచ్చి దండెమున తగిలించిరి. ఏ బొమ్మమీదను మా చేయి పడలేదు. కొన్ని బొమ్మలలో ఇండ్లు వంగినవి. ఒక ఆవునకు కాలొకటి పొట్టిది. వచ్చినవారిలో కొందరు నవ్విరి కూడ. ఆ నవ్వును మేము ఓర్చుకొంటిమి. పిల్లలు మాకంటె సులభముగా ఓర్చుకొనిరి.

రేకుల పిల్ల మరల తల్లి బొమ్మనే తెచ్చెను. ఈసారి పూర్తిగా వెనుకనుండి. వంగిన వీపు, లేచిన కుడిభుజము, జారిన జుట్టుముడి, కుండప్రక్కనుండి వచ్చు మంటవెలుగు. మొగము బొత్తిగా లేదు. తల్లి వచ్చి చూచి, “నా మొహమేదే?” అని నవ్వబోయి, దగ్గరకు పోయి, రవికె భుజమున నున్న కుట్టును చూచి ఆగిపోయెను. చినిగినచోట తాను వేసికొన్న కుట్టు. ఆమె ఆ కుట్టుమీద వ్రేలు పెట్టి, “ఇది కూడా చూశావా?” అనెను. సంక్రాంతినాడు లక్ష్మీదేవియెదుట ఆమె నిలిచినది మేమెరుగుదుము. ఆనాడు ఆమె ఎవరినో చూచినట్లు చూచినది. ఈనాడు తనను చూచుకొన్నది.

అందరు వెళ్లినపిమ్మట పిల్ల దండెము విప్పుటకు సాయపడుచు, మావంక చూడకుండగనే, “ఆ రంగుల పెట్టె ఇంకా ఉందాండి?” అని అడిగెను. తొమ్మిది నెలలుగా బీరువా పైయరలో ఉన్నదానిని తెచ్చి యిచ్చితిమి. పిల్ల మూత తెరచి, పండ్రెండు రంగులను లెక్కపెట్టి చూచుకొని, “ఈ ఆకుపచ్చ వాడనండి. కలుపుకుంటాను” అనెను.

సోదరీమణులారా! మీ యింట పిల్ల బొమ్మ వేయుచున్నప్పుడు ప్రక్కన కూర్చుండుడు. కాగితము తెచ్చి యిండు. మరల చూడుమని చెప్పుడు. చేయి మాత్రము చాపకుడు. నలుగురు నవ్వుదురను భయముతో మేము చెరిపిన గీత నలుపును మరల తేలేకపోయితిమి. గాడి మాత్రము కాగితమునందు నిలిచియున్నది. ఆ కాగితమును మేము పారవేయలేదు. మా తరగతి గదిలో పలక ప్రక్కనే తగిలించియున్నాము. క్రొత్తగా వచ్చినవారు ఆ లక్ష్మీదేవిని చూచి బాగున్నదందురు. ప్రొద్దు వాలి వెలుతురు ప్రక్కనుండి పడినప్పుడు మేమిద్దరము దానివంక చూచి, తరువాతి పాఠము మొదలుపెట్టుదుము.